బోణీ వేళ కంప్యూటర్ అడిగిన ప్రశ్న

ఆ రోజుల్లో నాకు కొత్తదంటే గుడ్డి నమ్మకం. కంప్యూటర్‌లో ఏ ప్రోగ్రాం పేరు పక్కనైనా అంకె ఒకటి పెరిగిందంటే చాలు, లోకమంతా ఒక మెట్టు పైకెక్కినట్టు సంబరపడిపోయేదాన్ని. ఇప్పుడు ఒంగోలులో ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. నేనేదో రోజూ కొత్తవి కనిపెడుతుంటానని చుట్టాలు అనుకుంటారు గానీ, నిజానికి నాకు జీతమిచ్చేది పాతవాటిని ఎవరూ కొత్తవి చేయకుండా కాపలా కాయడానికి. నిక్షేపంగా నడుస్తున్న ప్రతి యంత్రమూ రోజుకోసారి "నన్ను మార్చవా" అని మారాం చేస్తుంది. ఇవాళ వద్దంటే రేపడుగుతుంది, రేపు వద్దంటే ఎల్లుండి అడుగుతుంది. ఫోనూ అంతే, టీవీ అంతే. మొన్న నడింట్లో ఫ్యాను కూడా ఏదో అప్‌డేట్ అడుగుతోందని మా ఆయన వచ్చి చెబితే నేను మంచం మీద నుంచి లేవనైనా లేవలేదు. వద్దు వద్దు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టిన మనిషిని నేను. ఇలా ఓపిక అయిపోయినప్పుడల్లా, పొద్దున పూట ఆ మాట నోటి వెంట రానివ్వని ఒక పెద్దమనిషి గుర్తొస్తాడు.

ఆయన్ని మార్కాపురంలో అందరూ పలకల మామ అనేవాళ్ళు. (మా నాయనకూ మామే, నాకూ మామే, మా వీధిలో పాలు పోసే ఆమెకూ మామే. ఈ వరస ఎలా కుదిరిందని ఎవరూ ఎవర్నీ అడగలేదు.) తాతల నాటి నుంచి వాళ్ళది బడిపిల్లల పలకల వ్యాపారం. పిల్లలు పలకలు వదిలేసి నోటుపుస్తకాలు పట్టుకున్నాక ఊరి బయట రాతిముక్కల గుట్టలు మిగిలాయి, మామ దగ్గర కాసిని పెద్ద రాళ్ళు మిగిలాయి. ఆయన ఆ రాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి, చివరికి తర్లుపాడు రోడ్డులో రాతిమీద అక్షరాలు చెక్కే దుకాణం పెట్టాడు. నీళ్ళట్యాంకుల ప్రారంభోత్సవ ఫలకాలు, గుళ్ళకు దాతల పేర్లు, చర్చిలకు పునాదిరాళ్ళు, సమాధిరాళ్ళు, అన్నీ చేసేవాడు. చేత్తో చెక్కే మేస్త్రి ముసలితనం వచ్చి గిద్దలూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతే, మామ ఎక్కడినుంచో ఒక చెక్కే మిషను తెప్పించాడు. మిషన్ని నడపడానికి ఒక కంప్యూటర్, కంప్యూటర్‌ని నడపడానికి నేను. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చుని అమ్మ చేత తిట్లు తింటున్న రోజులవి. "కంప్యూటర్లు చదివిచ్చింది రాళ్ళు కొట్టే పనికి పోనీకేనా?" అని మా నాయన గొణిగాడు గానీ, పొద్దున్నే బండి మీద దింపి వచ్చింది కూడా ఆయనే.

మిషన్ బిగించిన మనిషి వెళ్తూ వెళ్తూ, "ఇది ఎలా ఉందో అలాగే ఉండాలమ్మా. నెట్‌లో కొత్తది వచ్చిందని దేన్నీ ఎక్కించొద్దు" అని చెప్పి వెళ్ళాడు. పాపం పాతకాలపు మనిషి అనుకున్నాను. ఆయన ఎక్కిన బస్సు ఊరు దాటిందో లేదో, నేను కూర్చుని కంప్యూటర్‌లో ఉన్న ప్రతి ప్రోగ్రామునూ కొత్తది చేసి పారేశాను. మర్నాడు ఒక నీళ్ళట్యాంకు ఫలకం మొదలుపెడితే, మిషను ప్రోగ్రాం పాత కొలతలన్నీ మరిచిపోయి కూర్చుంది. ముఖ్య అతిథి పేరు కుడివైపుకు పోతూ పోతూ రాయి అంచు దాటి గాల్లోకి వెళ్ళిపోయింది. పెద్దాయన సగం రాతిమీద, సగం తర్లుపాడు రోడ్డు మీద. మామ వచ్చి చూశాడు. కోప్పడతాడని బిగుసుకుని నిలబడ్డాను. "రాయి పొట్టిదైందిలే అమ్మాయ్, ఇంకోటి తెస్తా" అన్నాడు. నాలుగు తిట్టినా అంత చిన్నబుచ్చుకునేదాన్ని కాదేమో.

ఆ దెబ్బతో నాకు బుద్ధి వచ్చింది. పాత ప్రోగ్రామును మళ్ళీ తెచ్చిపెట్టి, అది ఇక జన్మలో మారకుండా ఏం చేయాలా అని వెతికాను. దానికో పద్ధతి ఉంది. ఫలానా ప్రోగ్రామును 'హోల్డ్'లో పెట్టు అని ఒక్క లైను రాస్తే చాలు, మిగతావన్నీ మారినా దాని జోలికి ఎవరూ పోరు. గొప్ప మంత్రం దొరికినట్టు మామ దగ్గరికి పరిగెత్తాను.

"మామా, మిషను ప్రోగ్రామును కట్టేసినా. గుంజకు కట్టేసిన బర్రె మాదిరి. ఇంక యాడికీ పోదు."

మామ తల పంకించి, "బాగుంది అమ్మాయ్. మరి కట్టేసినదానికి మేత ఎవరేస్తారు?" అన్నాడు.

(ఇప్పటికీ మా ఆఫీసులో పెద్ద పెద్ద వాళ్ళు ఏసీ గదిలో కూర్చుని వాదించుకునేది సరిగ్గా దీని గురించే.) మామ మాత్రం తన వంతు జాగ్రత్తగా నెట్ డబ్బాకు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ వేలాడదీశాడు. నెట్ పీకేద్దామంటే కుదరదు. ఫలకం మీద ఏం రాయాలో అందరూ వాట్సాప్‌లోనే పంపేవాళ్ళు.

ఇక్కడ మామ పద్ధతి ఒకటి చెప్పాలి. దుకాణం తెరిచి, దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించి గంట కొట్టాక, అది కాలిపోయేదాకా ఆయన నోటినుంచి లేదు, వద్దు, కాదు అనే మాటలు వచ్చేవి కావు. అది బోణీ వేళ. ఆ వేళ ఎవరేమడిగినా కాదనకూడదు. ఎవరైనా వచ్చి దుకాణంలో లేని నల్లరాయి అడిగితే "సాయంత్రానికల్లా వస్తుంది" అనేవాడు. అప్పు అడిగితే "తప్పకుండా, కూర్చో" అని కూర్చోబెట్టి, ఊదుబత్తి వైపు ఓ కన్నేసి, బూడిద రాలాక తీరిగ్గా లేదనేవాడు. ఇంట్లో ఉప్పు అయిపోతే 'నిండుకుంది' అనే మనుషులం మనమంతా. మామ దాన్ని ఇంకాస్త దూరం తీసుకెళ్ళాడు, అంతే.

నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, మామకు ఇంగ్లీషు రాదు కదా అని కంప్యూటర్‌ని మొత్తం తెలుగులోకి మార్చడం. అంతకుముందు అది పొద్దున్నే ఇంగ్లీషులో ఏదో అడిగేది, మామ దాన్ని పట్టించుకునేవాడు కాదు. ఇప్పుడు దుకాణం తెరిచి మీట నొక్కగానే తెరమీద చక్కటి తెలుగులో, "కొత్త మార్పులు సిద్ధంగా ఉన్నాయి. ఇప్పుడే చేయమంటారా?" అని వచ్చేది. కింద రెండు గళ్ళు, 'అవును', 'వద్దు'. పాస్‌వర్డ్ పెడదామంటే "నా దుకాణంలో నేను తాళంచెవి అడుక్కోవాల్నా?" అన్నాడని అదీ పెట్టలేదు. నేను వచ్చేసరికి ఊదుబత్తి కాలిపోయి ఉండేది. ఈలోపల ఆ ఇద్దరి మధ్యా ఏం మాటలు నడుస్తున్నాయో నాకేం తెలుసు!

అలా ఉండగా సమాధుల పండుగకు ముందు ఒక అవ్వ వచ్చింది. త్రిపురాంతకం అవతల పల్లె నుంచి, ఆటోలో, పాత దుప్పటిలో చుట్టిన రాయితో. పెనిమిటి ఆ ఏడాదే పోయాడట. బతికినన్నాళ్ళూ మార్కాపురం చుట్టుపక్కల పలకల గనుల్లో రాయి తీసి, పలకలు కోసే పని చేశాడు. ఇల్లు కట్టుకుంటే గడపకు పనికొస్తుందని గని నుంచి ఒక మంచి రాయి ఎంచుకుని అడిగి తెచ్చుకున్నాడు. ఇల్లు వచ్చేసరికి సిమెంటు గడప వచ్చింది. ఆ రాయి గోడ పక్కనే ఉండిపోయింది. పొద్దుగూకాక దానిమీదే కూర్చుని బీడీ తాగేవాడట. "గడపకు కాకపోయె, గోరీకన్నా వేద్దామని తెచ్చినా తల్లీ" అంది అవ్వ. పండుగ నాటికి అందరూ సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కొత్తగా పోయినవాళ్ళకు గోరీ మీద రాయి పరిచేది కూడా ఆ రోజే. ఆమెకు ఆ రోజుకు, ఆ రాయి కావాలి. రాయి కొలతలు తీసుకుని, ముసలాయన పేరూ, 'ప్రభువునందు నిద్రించెను' అనే మాటా కంప్యూటర్‌లో అందంగా పేర్చి, రాయిని మిషను మీద బిగించాను. అవ్వ ఆ రాత్రికి ఊళ్ళో చెల్లెలింట్లో ఉండి పొద్దున్నే వస్తానంది. మర్నాడు చెక్కుడు, ఆ పై రోజు పండుగ.

మర్నాడు పొద్దున మా వీధికి నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. మార్కాపురంలో ట్యాంకర్ వచ్చిందంటే ఉద్యోగాలూ సద్యోగాలూ తర్వాత. బిందెలు పట్టి, పక్కింటామెతో వంతు గురించి ఓ చిన్న యుద్ధం చేసి, తడిసిన కుచ్చిళ్ళతో దుకాణానికి పరిగెత్తేసరికి, నాలుగు కొట్ల అవతలి నుంచే మిషను చప్పుడు వినిపించింది. నేను లేకుండా మిషను తిరగడమేంటి? లోపలికి వెళ్తే మామ ఊదుబత్తి పక్కన నిలబడి నవ్వుతున్నాడు. అవ్వ రాయి దగ్గర స్టూలు మీద కూర్చుని, చూసుకుని చూసుకుని మురిసిపోతోంది.

"రా తల్లీ, అచ్చరాలు ఎంత బాగా పడుతుండాయో చూడు" అంది నన్ను చూడగానే.

చూశాను. రాతిమీద అక్షరం అన్నది లేదు. ఉన్నవన్నీ డబ్బాలు. నలుచదరపు ఖాళీ డబ్బాలు, ఒకదాని పక్కన ఒకటి, వరసగా, శుభ్రంగా, లోతుగా. పరిగెత్తి మిషను ఆపేశాను. అప్పటికే ఒక వరస పూర్తయిపోయింది.

"మామా! పొద్దున కంప్యూటర్ ఏమన్నా అడిగిందా?"

"అడిగింది. రోజూ అడుగుతుంది గదా."

"నువ్వేమన్నావు?"

"అవును అన్నా." మామ ఆశ్చర్యంగా చూశాడు. "రోజూ అదే అంటా. బోణీ కాకముందే వచ్చి, చెయ్యమంటారా అని అంత మర్యాదగా అడిగితే వద్దని ఎట్ల అంటా అమ్మాయ్? తర్వాత ఈమె వచ్చింది. మొదటి బేరం. పిల్ల రాలేదు, కాసేపాగు అనగలనా? నువ్వు చూపించినట్టే మిషను మీట నొక్కినా."

కళ్ళజోడేదని అడిగాను. ఇంట్లో ఉందట, అది లేకపోతే రాతిమీద గీతలు ఆయనకు ఆనవు.

కంప్యూటర్ తెరిస్తే సంగతి అర్థమైంది. మిషను ప్రోగ్రాం నేను కట్టేసినట్టే కట్టేసి ఉంది, చెక్కు చెదరలేదు. కానీ అక్షరాలు గీసే తెలుగు ఫాంటును నేను కట్టలేదు. ఆ రోజు వచ్చిన కొత్త మార్పు దాన్ని తీసి పారేసింది. ఫాంటు లేకపోతే కంప్యూటర్ ఏం చేస్తుంది? అక్షరం ఉండాల్సిన ప్రతిచోటా ఖాళీ డబ్బా గీస్తుంది. ఇదంతా మామకు విడమరిచి చెప్పాను. ఆయన అంతా విని, నెమ్మదిగా, "అంటే, బర్రెను కట్టి దూడను వదిలినావన్నమాట" అన్నాడు. ఊదుబత్తి అప్పటికి కాలిపోయిందో లేదో నేను చూడలేదు.

అవ్వకు చదువు రాదు. ఆ డబ్బాలే తన పెనిమిటి పేరనుకుని వాటిమీద వేలు పెట్టి తడుముతోంది. ఆమెకు ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక మామ మొహం, నా మొహం వాడిపోయాయి. చివరికి మామే ఆమె ముందు కూర్చుని, "అవ్వా, పొరపాటైంది. ఇది పేరు కాదు. నా దుకాణంలో మంచి రాళ్ళుండాయి. నీకు ఏది కావాలంటే అది తీసుకో. సాయంత్రంలోగా చెక్కిస్తా" అన్నాడు.

అవ్వ ఏడవలేదు, అరవలేదు. రాయిని రెండు చేతులా పట్టుకుంది. "వేరే రాయి నాకేంటికి నాయనా? ఇది ఆయన ఎంచుకున్న రాయి. ఆయన కూచున్న రాయి" అంది. అంతే. నేనైతే ఆ క్షణాన భూమి చీలితే బాగుండనుకున్నాను. ఏ కొత్త అంకె కోసం నేను అన్నాళ్ళు వెంపర్లాడానో, అదంతా ఆ స్టూలు ముందు వెలవెలబోయింది.

మిగిలింది ఒక్కటే దారి, రాయిని తిరగేయడం. కిందివైపు గనిలో చీల్చింది చీల్చినట్టే గరుకుగా ఉంది. దాన్ని నున్నగా అరగదీయాలి. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది, పాలిష్ మిషను గట్టిగా ఆనించామంటే పెచ్చు లేస్తుంది. పెచ్చు లేచిందంటే ఆ రాయి కథ ముగిసినట్టే. కాబట్టి చేత్తోనే. మామ పంచె ఎగగట్టి కూర్చున్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయన పలకల కొట్టులో నేర్చుకున్న పని అట. ఆయన అరగదీస్తుంటే అవ్వ చెంబుతో నీళ్ళు పోస్తూ కూర్చుంది. (ఆ నీళ్ళు పొద్దున నేను యుద్ధం చేసి పట్టినవే. ఇంటికి పరిగెత్తి రెండు బిందెలు తెచ్చాను. మా అమ్మ అడిగిన ప్రశ్నలు ఇక్కడ రాయలేను.)

ఈలోపల నేను కంప్యూటర్ లోపల పాత ఫాంటు కోసం వెతికాను. అదృష్టం, తీసేసినదాన్ని అది ఇంకా ఒక మూల దాచిపెట్టింది. దాన్ని మళ్ళీ ఎక్కించి, హోల్డ్‌లో పెట్టాను. ఆ ఊపులో గీసే ప్రోగ్రామునూ కట్టేశాను, దానికి ఆసరాగా ఉన్నవాటినీ కట్టేశాను. దూడా, దూడకు మెడలో గంటా, గంటకు దారం, ఏదీ వదల్లేదు. పగిలిన పలకముక్క ఒకటి పెట్టి చెక్కించి, అక్షరం అక్షరంగా ఉందని మూడుసార్లు చదువుకుని, అప్పుడు మామను పిలిచాను. మామ ఎవరినో పంపి కళ్ళజోడు తెప్పించుకున్నాడు. రాయిని తిరగేసి బిగించి మిషను మొదలుపెట్టాక ముగ్గురం రాయి చుట్టూ నిలబడ్డాం. ముసలాయన పేరు ఒక్కో అక్షరమే బూడిదరంగు పొడి లోంచి బయటికి వచ్చింది. పొద్దు వాలేవేళకు పని అయిపోయింది.

రాయిని దుప్పటిలో చుట్టబోతుంటే అవ్వ ఆపింది. కిందివైపు డబ్బాల మీద మళ్ళీ చెయ్యి పెట్టి, "ఇవి ఏంది తల్లీ, పలకలా?" అని అడిగింది.

నేనేదో ఫాంటు గురించి చెప్పబోయాను. మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "పలకలే అవ్వా" అన్నాడు.

"అట్లనే ఉండాయి." అవ్వ మొహం మొదటిసారి విప్పారింది. "జన్మంతా ఆయన చేసింది ఇవే గదా నాయనా. ఊళ్ళో పిల్లోళ్ళందరికీ పలకలు కోసినాడు. ఒక్కదాని మీదన్నా తను ఓనమాలు దిద్దింది లేదు. కిందిపక్క ఉండనీండి. పైన రాసింది మనుషులు చదువుకుంటారు. ఈ పలకలు ఆయనకు."

మామ లేచి అవతలికి వెళ్ళి, ఏ పనీ లేకపోయినా మిషను తుడుస్తూ నిలబడ్డాడు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు. దుకాణం గుమ్మం దగ్గర కూర్చుని, చీర కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

ఆ తర్వాత కంప్యూటర్‌కు నేను చేసిన మరమ్మతు ఇంకొకటి ఉంది. నా ఉద్యోగ జీవితంలో ఇంతవరకూ అంతకన్నా తెలివైన పని చేయలేదు. మామకు వద్దనడం నేర్పలేను కాబట్టి, కంప్యూటర్‌కే అడగడం నేర్పాను. పాత ప్రశ్న రాకుండా మూసేసి, దాని చోట పొద్దున్నే, "ఉన్నది ఉన్నట్టే ఉంచమంటారా?" అని వచ్చేలా పెట్టాను. కింద ఒకటే గడి, 'అట్లే కానీ'. మామ మర్నాడు ఊదుబత్తి వెలిగించి, ప్రశ్న చదివి, నిండు మనసుతో నొక్కాడు. "ఇప్పుడు దీనికి మాట్లాడటం వచ్చింది అమ్మాయ్" అన్నాడు.

చాలా ఏళ్ళైంది. నాకు పెళ్ళై, ఒంగోలు వచ్చి, పెద్ద పెద్ద కంప్యూటర్లకు వద్దు వద్దు అని చెప్పే పెద్ద ఉద్యోగంలో పడ్డాను. మామ ఇంకా ఆ దుకాణంలోనే ఉన్నాడు, ఆ కంప్యూటర్ కూడా. మొన్నొక పొద్దున ఆఫీసులో మీటింగుకు లేవబోతుంటే ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఆ పలకల అవ్వ పోయింది. కొడుకులు రాయి తెచ్చినారు. నిన్ననే పేరు చెక్కినా. అప్పుడు ఆమె ముసలాయనకు చెక్కిన అక్షరాలే, అచ్చం అవే పడినాయి."

"పడతాయి మామా. కట్టేసి ఉన్నాయి కదా."

"అది సరే. కిందిపక్క ఆ డబ్బాలు చెక్కాల. అవి ఎట్ల వస్తాయి? అప్పుడు వచ్చినట్టే రావాల."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్నేళ్ళు కట్టేసి కాపాడినదాన్ని ఇప్పుడు విప్పమంటున్నాడు. అంత అవసరం లేదు, నాలుగు గీతలు గీస్తే డబ్బా అవుతుంది, కానీ ఫోన్లో నేర్పాలంటే గంట పడుతుంది. అవతల మీటింగులో నాకోసం చూస్తున్నారు. ఇప్పుడు కుదరదు మామా అని చెప్పబోయాను. ఇంతలో ఫోన్లోంచి చిన్న గంట చప్పుడు వినిపించింది. పటం ముందు ఊదుబత్తి వెలిగించి కొట్టే గంట.

"సరే మామా" అన్నాను. "కళ్ళజోడు పెట్టుకో. చెబుతా."

గంటా కాలేదు, అరగంటలోనే నేర్చుకున్నాడు. ఫోన్ పెట్టేసి చూస్తే నా తెరమీద రోజూ వచ్చే ప్రశ్న వచ్చి కూర్చుని ఉంది, కొత్త మార్పులు సిద్ధంగా ఉన్నాయట. వేలు అలవాటుగా వద్దు మీదికి పోయింది. ఒక అంకె పెరిగితే చాలు లోకం పైకెక్కిందని సంబరపడ్డ ఆ తడి కుచ్చిళ్ళ పిల్ల గుర్తొచ్చి, ఏదీ నొక్కకుండా, మీటింగుకు ఆలస్యమవుతున్నా సరే, కాసేపు అట్లే కూర్చున్నాను.